పీ-ఇన్‌వోక్: ఏళ్ల తరబడి వాడాక ఒక సమీక్ష

సీ షార్ప్ భాష నుంచి విండోస్ ఫంక్షన్లను నేరుగా పిలవడానికి, ఆ భాష నడిచే మైక్రోసాఫ్ట్ వేదిక డాట్‌నెట్ మొదటి వెర్షన్ నుంచీ, అంటే 2002 నుంచీ, ఉన్న దారి పీ-ఇన్‌వోక్. ఒక స్టాటిక్ ఎక్స్‌టర్న్ మెథడ్ రాసి, దాని పైన డీఎల్‌ఎల్‌ఇంపోర్ట్ ఆట్రిబ్యూట్ పెట్టి, ఫంక్షన్ ఏ డీఎల్‌ఎల్‌లో (ఫంక్షన్లు ఉండే లైబ్రరీ ఫైలులో) ఉందో చెబితే సరిపోతుంది. రెండు లైన్ల పని. ఫ్రేమ్‌వర్క్ 2.0 రోజుల నుంచి డాట్‌నెట్ 8 దాకా, డెస్క్‌టాప్ అప్లికేషన్లలో, విండోస్ సర్వీసుల్లో, కొంత లైనక్స్‌లోనూ వాడాక చెప్పేది ఇదీ: దాని పనితనానికి వంక పెట్టలేం. కానీ మనం రాసిన సిగ్నేచర్‌ను, అంటే పేరు, పారామీటర్లు, రిటర్న్ టైపుల వివరాన్ని, అది గుడ్డిగా నమ్ముతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకున్నవాళ్లకు ఇది బంగారం లాంటి సాధనం. మరిచినవాళ్లకు నెలల తరబడి తలనొప్పి.

ఎందుకు నమ్ముతుందంటే, దానికి వేరే దారి లేదు. డీఎల్‌ఎల్ ఎక్స్‌పోర్ట్ పట్టికలో ఫంక్షన్ పేరు, నంబరు, అడ్రస్ మాత్రమే ఉంటాయి. ఎన్ని పారామీటర్లు, ఏ రకం, ఎన్ని బైట్లు అన్న సమాచారం అందులో ఉండదు. కాబట్టి కంపైలర్‌కు గానీ రన్‌టైమ్‌కు గానీ పోల్చి చూసుకోవడానికి ఏమీ లేదు. పేరు తప్పైతే ఎంట్రీపాయింట్ దొరకలేదన్న ఎక్సెప్షన్ వస్తుంది. 64 బిట్ ప్రాసెస్‌లో 32 బిట్ డీఎల్‌ఎల్ ఎక్కించబోతే బ్యాడ్‌ఇమేజ్‌ఫార్మాట్ వస్తుంది. ఈ రెండూ మంచి తప్పులే, మొదటి కాల్‌లోనే బయటపడతాయి. పారామీటర్ రకం తప్పైతే మాత్రం ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, తప్పు ఇక్కడ చేస్తే అది ఇంకెక్కడో తేలుతుంది.

తెలుగువాళ్లు ముందుగా దెబ్బతినేది స్ట్రింగుల దగ్గర. విండోస్‌లో స్ట్రింగ్ తీసుకునే చాలా ఫంక్షన్లకు రెండు రూపాలుంటాయి: పేరు చివర "A" ఉన్నది ఆన్సీ (మెషీన్ భాషా సెట్టింగును బట్టి మారే పాత కోడ్‌పేజీ), "W" (డబ్ల్యూ) ఉన్నది యూటీఎఫ్-16 (యూనికోడ్). డీఎల్‌ఎల్‌ఇంపోర్ట్‌లో క్యార్‌సెట్ చెప్పకపోతే సీ షార్ప్ ఆన్సీ అనుకుంటుంది. తెలుగుకు విండోస్‌లో సిస్టమ్ ఆన్సీ కోడ్‌పేజీ లేదు. క్యార్‌సెట్ లేకుండా క్రియేట్‌ఫైల్‌ను డిక్లేర్ చేసి "కాకినాడ" అన్న ఫైలు పేరు పంపి చూడండి. అవతలికి చేరేది ఏడు ప్రశ్నార్థకాలు. ఫైలు పేరులో ప్రశ్నార్థకం చెల్లదు కనుక ఎర్రర్ 123, అంటే పేరు చెల్లదు, అని తిరిగొస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో చేసిన టెస్టులన్నీ మాత్రం పాసవుతాయి. డెవలపర్ మెషీన్‌లో విండోస్ వారి బీటా యూటీఎఫ్-8 ఆప్షన్ ఆన్ చేసి ఉంటే అక్కడ తెలుగు పేర్లు కూడా పనిచేసి, కస్టమర్ దగ్గర మాత్రమే పాడవుతుంది. క్యార్‌సెట్ డాట్ యూనికోడ్ అని ప్రతి డిక్లరేషన్‌లోనూ రాయడం అలవాటుగా మారాలి, ఆ ఫంక్షన్‌కు స్ట్రింగ్ ఉన్నా లేకపోయినా.

దాని పక్కనే బఫర్ పొడవు సమస్య. "కాకినాడ" యూటీఎఫ్-16లో ఏడు యూనిట్లు (ఒక్కోటి రెండు బైట్లు), చివరి సున్నాతో ఎనిమిది, అంటే 16 బైట్లు. విండో టైటిల్ చదివే గెట్‌విండోటెక్స్ట్ అడిగేది యూనిట్ల లెక్క. రిజిస్ట్రీ నుంచి చదివే రెగ్‌క్వెరీవాల్యూఎక్స్ అడిగేది బైట్ల లెక్క. ఒకదానికి ఇవ్వాల్సింది ఇంకోదానికి ఇస్తే మాట సగంలో తెగుతుంది, లేదా బఫర్ దాటి రాసేస్తుంది. "శ్రీ" కంటికి ఒకే అక్షరంలా కనిపించినా నాలుగు యూనిట్లు. మూడు దగ్గర తెగితే "శ్ర" మిగులుతుంది. స్ట్రింగ్‌బిల్డర్‌తో వచ్చే చిక్కు ఇంకా ప్రమాదం: ఏమీ ఇవ్వకుండా కొత్త స్ట్రింగ్‌బిల్డర్ తయారుచేస్తే దాని సామర్థ్యం 16 మాత్రమే. దాన్ని పంపి, పక్క పారామీటర్‌లో పొడవు 256 అని రాస్తే, టైటిల్ చిన్నదిగా ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. ఒకరోజు పొడవైన టైటిల్ వస్తే పక్క మెమరీ చెరిగిపోతుంది. ఇప్పుడు స్ట్రింగ్‌బిల్డర్‌ను ఈ పనికి వాడటం పూర్తిగా మానేయడమే మేలు. క్యార్ అరే లేదా స్టాక్‌అలాక్ చేసిన స్పాన్ ఇచ్చి, ఆ పొడవునే పంపితే ఈ తేడాకు తావుండదు, అనవసరమైన కాపీలూ తగ్గుతాయి.

స్ట్రింగ్‌ను తిరిగిచ్చే ఫంక్షన్లదీ ఒక మెలిక. రిటర్న్ టైపును స్ట్రింగ్ అని రాస్తే, మార్షలర్ (రెండు వైపుల మధ్య డేటాను మార్చే రన్‌టైమ్ భాగం) దాన్ని కాపీ చేసుకుని, మూల మెమరీని కోటాస్క్‌మెమ్‌ఫ్రీతో విడిపిస్తుంది. గెట్‌కమాండ్‌లైన్ లాంటివి ఇచ్చే పాయింటర్ మనం విడిపించాల్సింది కాదు. అక్కడ ఇంట్‌పీటీఆర్ (ఉత్త పాయింటర్ విలువ) తీసుకుని మార్షల్ డాట్ పీటీఆర్‌టుస్ట్రింగ్‌యూని పిలవాలి.

స్ట్రక్చర్ల విషయానికొస్తే, చాలామంది పప్పులో కాలేసేది సెండ్‌ఇన్‌పుట్ దగ్గర. కీబోర్డు నొక్కినట్టు అనుకరించడానికి వాడే ఈ ఫంక్షన్ ఇన్‌పుట్ అనే స్ట్రక్చర్ అరేను, ఒక్కోదాని సైజును అడుగుతుంది. అందులో ముందు నాలుగు బైట్ల టైప్, తర్వాత మౌస్, కీబోర్డు, హార్డ్‌వేర్ మూడింటి యూనియన్, అంటే మూడూ ఒకే చోటును పంచుకుంటాయి. మనకు కావాల్సింది కీబోర్డే కదా అని యూనియన్‌లో కీబోర్డు భాగం ఒక్కటే పెడితే 64 బిట్‌లో సైజు 32 బైట్లు వస్తుంది. విండోస్ ఆశించేది 40. ఎందుకంటే యూనియన్ సైజు దానిలోని పెద్ద సభ్యుడిది, అంటే మౌస్ భాగానిది: నాలుగేసి బైట్ల ఫీల్డులు ఐదు, నాలుగు బైట్ల ఖాళీ, ఎనిమిది బైట్ల పాయింటర్, వెరసి 32. దాని ముందు టైప్ నాలుగు, ఆ తర్వాత మళ్లీ నాలుగు బైట్ల ఖాళీ. సైజు తేడా ఉంటే ఫంక్షన్ సున్నా తిరిగిచ్చి, ఎర్రర్ 87 పెట్టి ఊరుకుంటుంది. కీ పడదు, ఎక్సెప్షన్ రాదు. ఇంటర్నెట్‌లో దొరికే పాత కోడ్‌లో ఇంకో రకం తప్పు ఉంటుంది: యూనియన్‌కు ఫీల్డ్‌ఆఫ్‌సెట్ 4 అని చేత్తో రాసేస్తారు. అది 32 బిట్‌కు సరైనదే, అక్కడ మొత్తం సైజు 28. 64 బిట్‌లో యూనియన్ మొదలయ్యేది 8 దగ్గర. మందు తేలిక: యూనియన్‌ను విడి స్ట్రక్చర్‌గా చేసి, దానిలో మాత్రమే అన్ని ఫీల్డులకూ ఆఫ్‌సెట్ సున్నా ఇచ్చి, బయటి స్ట్రక్చర్‌ను సీక్వెన్షియల్‌గా వదిలేయండి. ఖాళీలు రన్‌టైమే చూసుకుంటుంది. ఆపైన ఒక యూనిట్ టెస్ట్‌లో మార్షల్ డాట్ సైజ్‌ఆఫ్ 64 బిట్‌లో 40, 32 బిట్‌లో 28 వస్తోందా అని చూడండి. బయట నుంచి తెచ్చుకున్న ప్రతి స్ట్రక్చర్‌కూ ఈ ఒక్క లైన్ టెస్ట్ రాసుకుంటే సగం బగ్గులు పుట్టకముందే పోతాయి.

చిన్న టైపుల్లోనూ మోసం ఉంది. విండోస్ బూల్ నాలుగు బైట్లు, సీ ప్లస్ ప్లస్ బూల్ ఒక బైటు. సీ షార్ప్ బూల్‌ను మామూలుగా నాలుగు బైట్లుగా చదువుతుంది. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ఒక బైటులో ఫాల్స్ ఇస్తే, రిజిస్టర్‌లో మిగిలిన మూడు బైట్లలో చెత్త ఉండి అది ట్రూ అయిపోవచ్చు. అలాంటి చోట మార్షల్‌యాజ్ ఐ1 తప్పనిసరి. సీ లాంగ్ విండోస్‌లో నాలుగు బైట్లు, 64 బిట్ లైనక్స్‌లో ఎనిమిది. రెండు చోట్లా నడవాల్సిన కోడ్‌లో డాట్‌నెట్ 6లో వచ్చిన సీలాంగ్ వాడండి. గెట్‌విండోలాంగ్‌పీటీఆర్ 32 బిట్ యూజర్32లో అసలు లేదు, అక్కడ అది హెడర్‌లోని మాక్రో మాత్రమే.

ఎర్రర్ కోడ్ చదవడంలో నియమం ఒక్కటే: గెట్‌లాస్ట్‌ఎర్రర్‌ను మనం సొంతంగా డిక్లేర్ చేసి పిలవకూడదు. మన రెండు కాల్స్ మధ్య రన్‌టైమ్ తన పనుల కోసం విండోస్‌ను పిలిచి ఆ విలువను తుడిచేయవచ్చు. సెట్‌లాస్ట్‌ఎర్రర్ ట్రూ అని పెడితే రన్‌టైమ్ కాల్ ముగిసిన వెంటనే విలువను దాచి ఉంచుతుంది. తర్వాత మార్షల్ డాట్ గెట్‌లాస్ట్‌విన్32ఎర్రర్, లేదా నేరుగా విన్32ఎక్సెప్షన్. ఫంక్షన్ విఫలమైందని తెలిసాకే దాన్ని చదవాలి. సెట్‌విండోలాంగ్‌పీటీఆర్ లాంటి వాటికి సున్నా అన్నది విజయం కూడా కావచ్చు. కొత్త డాట్‌నెట్‌లో ఈ ఆప్షన్ పెడితే కాల్‌కు ముందే ఎర్రర్‌ను సున్నా చేస్తారు, పాత ఫ్రేమ్‌వర్క్‌లో చేయరు. పాత కోడ్‌ను రెండింటికీ కంపైల్ చేస్తుంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే మొండి బగ్ కాల్‌బ్యాక్‌ది, అంటే విండోస్ తిరిగి పిలవడానికి మనం ఇచ్చే ఫంక్షన్‌ది. కీ నొక్కడం లాంటివి గమనించే హుక్ పెట్టే సెట్‌విండోస్‌హుక్‌ఎక్స్‌కు ఇన్‌స్టాన్స్ మెథడ్ పేరు నేరుగా ఇస్తే కంపైలర్ అక్కడికక్కడ ఒక డెలిగేట్ (మెథడ్‌ను చూపే ఆబ్జెక్ట్) తయారుచేస్తుంది. కాల్ అయిపోయాక మన కోడ్‌లో దాన్ని పట్టుకున్నవాళ్లు ఎవరూ ఉండరు. విండోస్ దగ్గర అడ్రస్ ఉంది గానీ, వాడకంలో లేని ఆబ్జెక్టులను ఏరేసే గార్బేజ్ కలెక్టర్‌కు ఆ సంగతి తెలియదు. కొంతసేపటికి డెలిగేట్ పోతుంది, తర్వాతి కీ నొక్కగానే ప్రాసెస్ కుప్పకూలుతుంది. లోకల్ వేరియబుల్‌లో పెట్టినా లాభం లేదు: డీబగ్ బిల్డ్‌లో మెథడ్ ముగిసే దాకా బతుకుతుంది, రిలీజ్‌లో చివరి వాడకంతోనే పోతుంది. డెలిగేట్‌ను ఫీల్డ్‌లో పెట్టాలి, ఆ ఫీల్డ్ ఉన్న ఆబ్జెక్ట్ హుక్ తీసేదాకా బతికుండాలి. ఎనమ్‌విండోస్ లాంటివాటికి ఈ భయం లేదు, ఎందుకంటే కాల్ లోపలే కాల్‌బ్యాక్ పని ముగుస్తుంది.

హ్యాండిల్స్‌కు, అంటే తెరిచిన ఫైలు లాంటివాటికి విండోస్ ఇచ్చే నంబర్లకు, ఇంట్‌పీటీఆర్ వాడకం ఇక ఆపేయాలి. 2005లో ఫ్రేమ్‌వర్క్ 2.0తో సేఫ్‌హ్యాండిల్ వచ్చింది, అయినా ఇంకా కొత్త కోడ్‌లో ఇంట్‌పీటీఆర్‌లు కనబడటం బాధగా ఉంటుంది. విండోస్ హ్యాండిల్ నంబర్లను మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. ఒకే హ్యాండిల్‌ను రెండుసార్లు మూస్తే, రెండోసారి మూసుకునేది వేరేవాళ్లు తెరుచుకున్న ఫైలు కావచ్చు. సేఫ్‌హ్యాండిల్ కాల్ నడుస్తున్నంతసేపూ లెక్క పెట్టుకుని హ్యాండిల్‌ను మూయనివ్వదు. పైగా క్రియేట్‌ఫైల్ విఫలమైతే మైనస్ ఒకటి ఇస్తుంది, ఓపెన్‌ప్రాసెస్ సున్నా ఇస్తుంది. సేఫ్‌హ్యాండిల్‌జీరోఆర్‌మైనస్‌వన్ఈజ్‌ఇన్‌వ్యాలిడ్ అన్న పొడుగు పేరు క్లాసు ఈ రెండింటినీ కలిపి చూసుకుంటుంది.

వేగం గురించి పెద్దగా దిగులు పడక్కర్లేదు. ఇంట్, పాయింటర్ లాంటివి పంపే కాల్‌కు మామూలుగా 10 నుంచి 30 ఇన్‌స్ట్రక్షన్ల అదనపు ఖర్చు. బరువంతా స్ట్రింగుల మార్పిడిలో, అరేల కాపీలో ఉంటుంది. కాల్ చుట్టూ గార్బేజ్ కలెక్టర్ కోసం చేసే మార్పిడిని తీసేసే సప్రెస్‌జీసీట్రాన్సిషన్ అనే ఆట్రిబ్యూట్‌ను చూసి ముచ్చటపడి అన్నిచోట్లా తగిలించకండి. ఒక మైక్రోసెకనుకన్నా తక్కువలో ముగిసి, ఎక్కడా ఆగని ఫంక్షన్లకే అది. లోపల ఆగితే గార్బేజ్ కలెక్షన్ కోసం మొత్తం ప్రాసెస్ ఎదురుచూస్తుంది.

డీఎల్‌ఎల్‌ఇంపోర్ట్‌కు బదులుగా డాట్‌నెట్ 7లో వచ్చిన లైబ్రరీఇంపోర్ట్ ఆట్రిబ్యూట్ నిజంగా మంచి మెట్టు. మార్షలింగ్ కోడ్‌ను రన్‌టైమ్ బదులు కంపైల్ సమయంలోనే సోర్స్ జనరేటర్ రాస్తుంది. ఆ కోడ్ తెరిచి చదవొచ్చు, డీబగ్ చేయొచ్చు, ప్రోగ్రామ్‌ను ముందే మెషీన్ కోడ్‌గా మార్చే నేటివ్ ఏఓటీలోనూ నడుస్తుంది. మెథడ్‌నూ క్లాసునూ పార్షియల్‌గా మార్చాలి, ప్రాజెక్టులో అన్‌సేఫ్ బ్లాకులు అనుమతించాలి. బూల్‌కు మార్షల్‌యాజ్ రాయకపోతే బిల్డే ఆగుతుంది, స్ట్రింగ్‌బిల్డర్‌ను ఒప్పుకోదు. ఈ రెండు పట్టుదలలూ నాకు చాలా నచ్చాయి. అయితే ఏ, డబ్ల్యూ చివరలను అది వెతికిపెట్టదు, ఎంట్రీపాయింట్‌గా మెసేజ్‌బాక్స్‌డబ్ల్యూ అని పూర్తి పేరే ఇవ్వాలి. సిగ్నేచర్ తప్పు రాస్తే మాత్రం ఇది కూడా పాతదానిలాగే నమ్మేస్తుంది.

ఆ మూల సమస్యకు విండోస్ వరకు సరైన మందు మైక్రోసాఫ్ట్ వారి సీఎస్‌విన్32 ప్యాకేజీ. నేటివ్‌మెథడ్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలులో లైనుకొక ఫంక్షన్ పేరు రాస్తే, విండోస్ హెడర్ల నుంచి తీసిన మెటాడేటా ఆధారంగా సిగ్నేచర్లు, స్ట్రక్చర్లు, స్థిరాంకాలు అదే తయారుచేస్తుంది. సెండ్‌ఇన్‌పుట్ అని రాస్తే పైన చెప్పిన 40 బైట్ల లెక్క మన పని కాదు. హెచ్‌డబ్ల్యూఎన్‌డీ (విండో హ్యాండిల్), పీసీడబ్ల్యూఎస్‌టీఆర్ (స్ట్రింగ్ పాయింటర్) లాంటి టైపులకు అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది. ప్రాసెసర్‌ను బట్టి ఆకారం మారే కొన్ని ఫంక్షన్లను ఎనీసీపీయూ (ఏ ప్రాసెసర్‌కైనా పనికొచ్చే) ప్రాజెక్టులో ఇవ్వదు, 64 బిట్ అని తేల్చి చెప్పాలి. కొత్త ప్రాజెక్టుకు దీన్నే ఎంచుకోండి, సొంత సీ లైబ్రరీలకూ లైనక్స్‌కూ లైబ్రరీఇంపోర్ట్ ఉంచుకోండి.

పాత డీఎల్‌ఎల్‌ఇంపోర్ట్‌లను మార్చేటప్పుడు ఎడిటర్ ఇచ్చే ఆటోమేటిక్ సవరణను ఫైలు మొత్తానికి ఒకేసారి నొక్కకండి. ముందు క్యార్‌సెట్ లేని డిక్లరేషన్లన్నీ వెతికి, అవి నిజంగా ఆన్సీ కావాలనే రాశారా, మరిచిపోయారా అని ఒక్కొక్కటీ తేల్చుకోండి. ఆ తర్వాత స్ట్రింగ్‌మార్షలింగ్ యూటీఎఫ్-16 పెట్టి, ఎంట్రీపాయింట్ చివర డబ్ల్యూ చేర్చి, ఒక తెలుగు ఫైలు పేరుతో నడిపి చూడండి.