లండన్‌లో జనం దాటిపోయే చోట్లు

లండన్‌లో ఎవరికీ తెలియని చోటంటూ ఏదీ మిగల్లేదు. ‘రహస్య లండన్’ పేరుతో ఇంటర్నెట్‌లో దొరికే జాబితాలు ఒకదాన్ని చూసి మరొకటి రాసినవే. కోవెంట్ గార్డెన్ పక్కన నీల్స్ యార్డ్ అనే రంగురంగుల గోడల సందు అన్నిటిలోనూ ఉంటుంది. శనివారం మధ్యాహ్నం అక్కడికి వెళితే ఫొటో దిగేవాళ్ల వెనక వరుసలో నిలబడాలి. ఐదు నిమిషాల్లో చూసి వచ్చేయవచ్చు, చూడకపోయినా నష్టం లేదు.

మాకు నచ్చిన చోట్లు వేరు. అవి ఊరి చివర ఎక్కడో లేవు. గొప్ప పేరున్న కట్టడాల నీడలోనే ఉన్నాయి. జనం పెద్దదాన్ని చూసే తొందరలో వాటి పక్కనుంచి వెళ్లిపోతుంటారు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య నాతో వచ్చింది. అందుకని మెట్లు, కూర్చోవడానికి బల్లలు, మరుగుదొడ్లు కూడా మా లెక్కలో చేరాయి.

ముందు బ్రిటిష్ మ్యూజియం. అది రహస్యమేమిటని అడుగుతారేమో. ఈజిప్టు లిపి గుట్టు విప్పిన రోజెట్టా శిల దగ్గర అడుగు పెట్టడానికి సందుండదు, మమ్మీల గదుల్లోనూ అంతే. అదే భవనంలో 33ఎ గదికి వెళ్లి చూడండి. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి వాటిలో ఎక్కువ. ముందు మద్రాసు చేరి, తరవాత ఓడెక్కి లండన్ వచ్చాయి. పలనాటి సున్నపురాయి మీద ఆ చెక్కడం ఎంత సన్ననిదో ఫొటోల్లో తెలియదు. రెండువైపులా చెక్కిన పలక దగ్గర మాత్రం తప్పక ఆగండి. ఒకవైపు క్రీ.పూ. ఒకటో శతాబ్దం నాటి పని: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు, బుద్ధుడి రూపం మాత్రం లేదు. కొన్ని వందల ఏళ్ల తరవాత అదే రాయిని తిప్పి, రెండో వైపు స్తూపాన్ని చెక్కారు. అమరావతి స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఇలాంటి పలకలే ఆధారం. అత్తయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, “మన ఊళ్లో ఉండాల్సినవి కదరా ఇవి” అంది. నేను కాదనలేదు.

మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు. ముందు ద్వారం దగ్గర వరుస పొడవుగా ఉంటే వెనకవైపు మాంటెగ్యూ ప్లేస్ ద్వారం చూడండి. ఈ గదికి అదే దగ్గర కూడా. కొన్ని గదులు కొన్ని వేళల్లో మూసి ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు వెబ్‌సైటులో చూసుకోవడం మంచిది.

అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అనే తోట అంచున సర్ జాన్ సోన్ ఇల్లు ఉంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ భవనానికి వాస్తుశిల్పిగా పనిచేసిన మనిషి. ఇల్లూ అందులోని సరుకూ తాను వదిలినట్టే ఉండాలని 1833లో పార్లమెంటు చేత చట్టమే చేయించాడు. 1837లో పోయాడు. ఇల్లు నేటికీ దాదాపు అలాగే ఉంది. గ్రీకు కుండలు, రోమన్ రాతి తలలు, భవనాల నమూనాలు గోడల నిండా, పైకప్పు దాకా. నేలమాళిగలో ఈజిప్టు రాజు మొదటి సేతి శవపేటిక ఉంది. అంత ధర పెట్టలేమని బ్రిటిష్ మ్యూజియం వదులుకుంటే, 1824లో రెండు వేల పౌండ్లిచ్చి సోన్ కొన్నాడు. చిత్రాల గదిలో గోడలే బీరువా తలుపుల్లా తెరుచుకుంటాయి. వాటి వెనక మరో వరుస చిత్రాలు. ఆ గోడలు తెరిచే వేళ సిబ్బందిని అడిగి తెలుసుకోండి, అది చూడకుండా వస్తే సగం చూసినట్టే. “దీన్ని దుమ్ము దులిపేవాళ్లకు దణ్ణం పెట్టాలి” అంది అత్తయ్య.

ప్రవేశం ఉచితం. బుధవారం నుంచి ఆదివారం దాకా తెరుస్తారు. ఒకసారికి కొద్దిమందినే లోపలికి పంపుతారు గనక బయట కాసేపు నిలబడక తప్పదు. పెద్ద సంచులు వెంట తీసుకువెళ్లకండి. లోపల దారులు ఇరుకు, లావుపాటి కోటు వేసుకున్నా ఇబ్బందే.

ఇక సెయింట్ పాల్స్ కేథడ్రల్ దగ్గరి పోస్ట్‌మన్స్ పార్క్. చిన్న తోట. పక్కనుండిన పెద్ద పోస్టాఫీసు ఉద్యోగులు భోజనాల వేళ వచ్చి కూర్చునేవారు కాబట్టి ఆ పేరు. ఒకవైపు పందిరి కింద గోడకు పింగాణీ పలకలున్నాయి. ఇతరుల ప్రాణం కాపాడబోయి చనిపోయిన మామూలు మనుషుల పేర్లవి. విక్టోరియా రాణి 1887 ఉత్సవానికి గుర్తుగా ఇలాంటిది కట్టాలని చిత్రకారుడు జి. ఎఫ్. వాట్స్ సూచించాడు. ఎవరూ పట్టించుకోకపోవడంతో 1900లో తానే పూనుకున్నాడు. యూనియన్ స్ట్రీట్‌లో ఇల్లు అంటుకుంటే ముగ్గురు పిల్లలను కాపాడి, 1885 ఏప్రిల్ 24న ప్రాణం పోగొట్టుకున్న ఆలిస్ ఎయర్స్ పలక అక్కడే ఉంది. తాపీ కూలీ కూతురు అని కూడా రాశారు. కేథడ్రల్ లోపల సేనాపతుల సమాధులు చూడ్డానికి టికెట్టు కొనాలి. ఇక్కడ అక్కర్లేదు.

కొంచెం తూర్పున సెయింట్ డన్‌స్టన్ చర్చి శిథిలం ఉంది. 1941 బాంబు దాడిలో దెబ్బతింటే, మళ్లీ కట్టకుండా లోపల తోట పెంచారు. సెయింట్ పాల్స్ వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ కట్టిన గోపురం నిలిచింది. కిటికీ చట్రాల గుండా తీగలు పాకే చోటు. అందమైనదే. ఇప్పుడు పెళ్లి ఫొటోల బృందాలు కనిపెట్టేశాయి, కాబట్టి పొద్దున్నే వెళ్లాలి.

ఈ రెండూ ‘సిటీ’ అనే పాత వ్యాపార పేటలో ఉన్నాయి. బస విషయంలో మాకు కలిసొచ్చిందీ అదే. ఆ పేటలో హోటళ్లు వారం మధ్యలో ఆఫీసు పనిమీద వచ్చేవాళ్లతో నిండి ధర పెంచుతాయి. శని, ఆదివారాల్లో చాలాచోట్ల దించుతాయి. మా గది చిన్నది, కిటికీ తెరుచుకోదు, కానీ శుభ్రంగా ఉంది, రాత్రి నిశ్శబ్దం. చిక్కు ఒకటే: ఆఫీసులు లేని రోజున కాఫీ కొట్లూ చాలావరకు మూతే. ముందురోజే రొట్టో పండో కొని పెట్టుకోవాలి. వేసవిలో వెళ్లేవాళ్లు విశ్వవిద్యాలయాల విద్యార్థి వసతిగృహాలు కూడా చూడవచ్చు. సెలవుల్లో కొన్ని బయటివాళ్లకు గదులిస్తాయి.

డబ్బు దండగైంది ఒక్కచోటే. ‘దాగిన లండన్’ పేరుతో రెండు గంటల నడక యాత్ర. ముప్ఫైమంది గుంపు, మైకు లేని గైడు, వెనకవాళ్లకు ఒక్క మాట వినబడదు. గుంపు పరిమితి ఎంతో అడగకుండా అలాంటివి కొనకండి.

రవాణాకు ఫిర్యాదు లేదు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు చాలు, రోజుకు ఇంతకు మించి కోయని పరిమితి ఉంటుంది. అయితే మనిషికో కార్డు కావాలి, ఒకే కార్డు ఇద్దరికి నడవదు. బస్సుల్లో మొదటి బస్సెక్కిన గంటలోపు ఎన్ని మారినా ఒకే చార్జీ. మోకాళ్ల నొప్పులవాళ్లకు మెట్రో కన్నా బస్సే నయం. చాలా పాత స్టేషన్లలో లిఫ్టు లేదు.

సాయంత్రం మిగిలితే థేమ్స్ ఒడ్డున ఉన్న గ్రీనిచ్ పేటకు వెళ్లండి. కటీ సార్క్ అనే పాత తెరచాప ఓడ చుట్టూ జనం ఉంటారు. దాని పక్కనే గాజు గుమ్మటం కప్పిన గుండ్రని కట్టడం చాలామంది కంటికి ఆనదు. థేమ్స్ కింద 1902లో తెరిచిన కాలిబాట సొరంగానికి అది ద్వారం. అవతలి ఒడ్డున రేవుల్లో పనిచేసే కూలీలు పడవ కోసం ఆగకుండా నడిచి వెళ్లాలని తవ్వారు. పొడవు సుమారు 370 మీటర్లు, తెల్లని పలకల గోడలు, రుసుము లేదు. ఉత్తరం వైపు చివరికి వచ్చేసరికి దారి ఉన్నట్టుండి ఇరుకవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దెబ్బకు మరమ్మతు చేస్తూ లోపల ఉక్కు తొడుగు వేశారు, అదీ కారణం. లిఫ్టులు పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోండి, లేకపోతే వంద మెట్ల దాకా దిగాలి. అవతల తేలితే ఐలండ్ గార్డెన్స్. అక్కడ బల్లలున్నాయి, గ్రీనిచ్ భవనాలన్నీ నదికి ఆవల ఒకేచూపులో కనిపిస్తాయి. తిరుగు ప్రయాణానికి మళ్లీ సొరంగం దిగనక్కర్లేదు, దగ్గరలోనే డీఎల్ఆర్ రైలు స్టేషన్ ఉంది.