ఎక్స్‌టెన్షన్ ట్యూబులు: చాలాకాలం వాడాక, కొన్ని ఫోటోల కథలతో

సరదాగా ఫోటోలు తీసేవాళ్ళం ఒకచోట చేరి, ఈమధ్య తీసినవాటి వెనక కథలు చెప్పుకునేటప్పుడు నా వంతుకి ఎప్పుడూ పురుగులే వస్తాయి. సాలీడు, తూనీగ, చీమ, పేనుబంక, లేదంటే గడ్డిపోచ చివర నీటిబొట్టు. ఇవన్నీ ఒకే వస్తువు పుణ్యం. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. నా దగ్గరున్నది 12, 20, 36 మిల్లీమీటర్ల మూడు ట్యూబుల సెట్. కొన్నేళ్ళుగా ఇవి లేకుండా బ్యాగు సర్దిన సందర్భం లేదు. ఫోటో ఎంత పెద్దగా వస్తుందన్నది మొదటి రోజే తెలిసిపోతుంది. ఏ లెన్స్‌కి ఏ ట్యూబు కలపాలి, ఏ పురుగు ఎంత దగ్గరికి రానిస్తుంది, వీటిలో ఏ భాగం ముందు అరుగుతుంది అన్నవి తెలియడానికి మాత్రం టైమ్ పడుతుంది. ఎక్కువగా వాటి గురించే రాస్తున్నాను.

ట్యూబు లోపల గాజు ఉండదు, ఖాళీ. అది చేసేదల్లా లెన్స్‌ని, కెమెరా లోపల ఫోటో పట్టే సెన్సర్ నుంచి కొంచెం ముందుకి జరపడం. లెన్స్ ముందుకి జరిగేకొద్దీ మరింత దగ్గరి వస్తువుల మీద ఫోకస్ కుదురుతుంది, అవి పెద్దగా పడతాయి. లెక్క సులువు. ట్యూబు పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద 50 ఎంఎం అంటూ ఉండే అంకె) భాగిస్తే అదనంగా వచ్చే మాగ్నిఫికేషన్, అంటే అసలు సైజుకి ఎన్ని రెట్లుగా సెన్సర్ మీద పడుతుందన్నది, తెలుస్తుంది. 50 ఎంఎం లెన్స్‌కి మూడు ట్యూబులూ పెడితే మొత్తం 68, దాన్ని 50తో భాగిస్తే 1.36. అంటే సెన్సర్ మీద పురుగు తన అసలు సైజు కంటే పెద్దగా పడుతుంది. ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు కాబట్టి 17 మిల్లీమీటర్ల వెడల్పున్న దృశ్యం ఫ్రేమ్ మొత్తం నిండిపోతుంది. అదే 68ని 100 ఎంఎం లెన్స్‌కి పెడితే అదనంగా వచ్చేది 0.68 మాత్రమే. 18 ఎంఎం లాంటి వైడ్ లెన్స్‌కి 12 ట్యూబు పెట్టినా ఫోకస్ దాదాపు ముందు గాజుకి ఆనుకుని పడుతుంది, ఆ జత దేనికీ పనికిరాదు. ట్యూబు ఉన్నంతసేపు దూరంగా ఉన్నవాటి మీద ఫోకస్ కుదరదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇలా పెద్దగా చూపించినందుకు వెలుగు రూపంలో ఖర్చు ఉంది. అసలు సైజు దగ్గర, అంటే 1:1 దగ్గర, రెండు స్టాపులు పోతాయి, అంటే వెలుగు నాలుగో వంతుకి తగ్గుతుంది. లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్/8 దగ్గర పెట్టినా సెన్సర్‌కి చేరేది ఎఫ్/16 అంత వెలుగే; ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. అక్కడ డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే పదునుగా కనిపించే మందం, మిల్లీమీటరు లోపు. సాలీడు కళ్ళు పదునుగా ఉంటే కాళ్ళు మసకగా ఉంటాయి. పోనీ అని ఎఫ్/16, ఎఫ్/22 దాకా వెళ్తే చిన్న రంధ్రం దగ్గర వెలుగు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల ఫోటో మొత్తం మెత్తబడుతుంది. నేను ఎఫ్/8, ఎఫ్/11 మధ్యే ఉంటాను. ఆటోఫోకస్ సంగతి మర్చిపోవడం మేలు. అది అటూ ఇటూ వెతుక్కుంటూనే ఉంటుంది. ఫోకస్ రింగుని ఒకచోట నిలిపి, కెమెరానే కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరుపుతూ పదును కుదిరిన క్షణాన నొక్కడమే పద్ధతి.

ఇక కథలు. నీటిబొట్టు ఫోటో చూసిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న, లోపల పువ్వుని ఎడిటింగ్‌లో అతికించారా అని. అతికించలేదు. గడ్డిపోచ చివర వేలాడుతున్న బొట్టు దానికదే ఒక లెన్స్. వెనక కొంత దూరంలో ఉన్న పువ్వుని అది తలకిందులుగా, బుల్లిగా చూపిస్తుంది. తీసేటప్పుడు నన్ను ఎక్కువసేపు ఆపింది ఫోకస్. బొట్టు అంచు మీద పెడితే పువ్వు మసకబారుతోంది. పువ్వు మీద పెడితే అంచు కరిగిపోతోంది. దీనికి కారణం ఉంది. పువ్వు బొట్టు లోపల ఉన్నట్టు మనకి అనిపిస్తుంది కానీ, వెనకున్న వస్తువు ప్రతిబింబం నిజానికి బొట్టుకి కాస్త ఇవతల, మన వైపు ఏర్పడుతుంది. ఆ తేడా రెండు మూడు మిల్లీమీటర్లే కావచ్చు. మనకున్న డెప్త్ మిల్లీమీటరు కూడా లేనప్పుడు అది చాలా పెద్ద దూరం. ఎఫ్/11 దగ్గర కూడా రెండూ ఒకేసారి కుదరలేదు. పువ్వునే ఎంచుకున్నాను, అంచుని మెత్తగా వదిలేశాను. ఇప్పుడు ఎవరికైనా ఆ ఫోటో చూపిస్తే, పక్కనే అంచు పదునుగా ఉన్న ఫ్రేమ్ కూడా చూపిస్తాను. రెండూ చూశాక అతికింపు ప్రశ్న ఇంక రాదు, బొట్టు గురించి అడగడం మొదలుపెడతారు.

గెంతే సాలీడు కథ చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు, ఎందుకంటే ట్యూబుల బలం, బలహీనత రెండూ అందులోనే ఉన్నాయి. ఈ జాతి సాలీళ్ళు గూడు అల్లి ఎర కోసం కూర్చోవు, చూసి వేటాడతాయి. ఎనిమిది కళ్ళు. వాటిలో ముందున్న రెండు పెద్దవి. ఆ కళ్ళు తలకి కదలకుండా అమరి ఉంటాయి, లోపలి రెటీనా మాత్రం కదులుతుంది. మనం వ్యూఫైండర్‌లో చూస్తుంటే అది కూడా మనల్ని చూస్తోందని స్పష్టంగా తెలుస్తుంది. నేను ఒక ఆకు మీద చూసినది ఆరు మిల్లీమీటర్లకి మించి ఉండదు. 50 ఎంఎం లెన్స్, మూడు ట్యూబులు. ఇంత మాగ్నిఫికేషన్‌తో పురుగుకీ లెన్స్ ముందు గాజుకీ మధ్య మిగిలే జాగా బాగా తక్కువ, ఒక్కోసారి వేలెడు కూడా ఉండదు. కెమెరా దగ్గరికి రాగానే అది ముందు కాళ్ళు రెండూ పైకెత్తి, ఒక గెంతుతో ఆకు అడుగుకి పోయింది.

అక్కడ 12, 20 ట్యూబులు తీసేసి ఒక్క 36తో ఉండిపోయాను. మాగ్నిఫికేషన్ 1.36 నుంచి 0.72కి తగ్గింది, మధ్య దూరం మూడు సెంటీమీటర్లు పెరిగింది. వినడానికి చిన్న తేడా. ఆ సాలీడుకి అదే కావలసింది. ఆకు అంచు మీదికి తిరిగొచ్చి, తల ఇటు తిప్పి, చాలాసేపు అలాగే నిలబడి చూసింది. తర్వాత క్రాప్ చేసుకున్నాను. ఇప్పటి సెన్సర్లలో అంత క్రాప్‌కి ఇబ్బంది లేదు. ఈ సెట్ కొన్నవాళ్ళెవరైనా అన్ని ట్యూబులూ ఒకేసారి బిగించేస్తారు. నా సలహా, ప్రాణమున్నవాటికి ఒక ట్యూబు తక్కువతో మొదలుపెట్టండి.

ఆ ఫోటోలో అందరూ మెచ్చుకునేది కళ్ళలోని మెరుపు. అది ఫ్లాష్ ముందు పెట్టిన, వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజర్ ఆకారం. గుండ్రటి నల్లటి కళ్ళు ఎదురుగా ఉన్న వెలుగుని ఉన్నదున్నట్టు చూపిస్తాయి. ఫ్లాష్ నేరుగా కొడితే కంట్లో ఒక గట్టి తెల్లచుక్క పడి ముఖమంతా చదునుగా కనిపిస్తుంది. సన్నటి తెల్ల ఫోమ్‌షీట్ వంచి ఫ్లాష్‌కీ సాలీడుకీ మధ్య పెడితే మెరుపు వెడల్పుగా, మెత్తగా పరుచుకుంటుంది. ట్యూబులతో చేత్తో పట్టుకుని తీయాలంటే ఫ్లాష్ దాదాపు తప్పనిసరి. తక్కువ పవర్‌లో దాని వెలుగు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ కాలమే ఉంటుంది కాబట్టి చేతి వణుకు, ఆకు ఊపు ఫోటోలో కనపడవు. ట్యూబుల మీద పెట్టే ఖర్చు కంటే ముందు వెలుగు సంగతి ఆలోచించమని ఎవరడిగినా చెబుతాను.

సాలీడు ఫోటోకి ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, దాన్ని చల్లటి చోట పెట్టి కదలకుండా చేశారా అని. కొందరు పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక తీస్తారు. నేను చేయను, చేసిన ఫోటోని మెచ్చుకోలేను కూడా. ఆ ఫోటోలో పురుగు ఉంటుంది, దాని ప్రవర్తన ఉండదు. పైగా మన సరదా కోసం ఒక ప్రాణిని హింసించే హక్కు మనకెక్కడిది? చల్లటి తెల్లవారుజామున వెళ్తే చాలా పురుగులు వాటంతటవే నెమ్మదిగా ఉంటాయి. కాస్త ముందు నిద్రలేస్తే సరిపోతుంది.

తూనీగ ఫోటో అలాంటి వేళదే. ట్యూబులంటే 50 ఎంఎంకే అనుకుంటారు గానీ, నాకు ఎక్కువ ఉపయోగపడిన జత, దూరపువాటిని దగ్గరగా చూపే 70-300 ఎంఎం టెలీ లెన్స్, 36 ట్యూబు. ఈ రకం లెన్స్‌లు కొన్ని మీటరున్నర కంటే దగ్గర ఫోకస్ చేయలేవు. 36 పెడితే ఇంకాస్త దగ్గరికి జరగొచ్చు. మీటరు పైచిలుకు దూరం నుంచే తూనీగ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఫ్రేమ్ నిండా వస్తాయి. అంత దూరం ఉంటే తూనీగ కంగారు పడదు. దానికి పెద్ద సంయుక్త నేత్రాలు, కొన్ని జాతుల్లో ఒక్కో కంట్లో 30 వేల దాకా చిన్న కటకాలు. దగ్గరగా ఏది కదిలినా తెలిసిపోతుంది.

ఆ రోజు దాని ఒంటి నిండా మంచు. ఎగిరే కండరాలు వేడెక్కితే తప్ప తూనీగ ఎగరలేదు. కొద్దిసేపటికి రెక్కలు సన్నగా వణకడం మొదలైంది. కొన్ని తూనీగలు అలా వణికించుకునే ఒంట్లో వేడి పుట్టించుకుంటాయి. బొట్లు ఒక్కొక్కటిగా జారిపోయాయి. నా ఫోటోలో కన్ను పదునుగా, రెక్కల కొసలు మసకగా ఉన్నాయి. కథ తెలియనివాళ్ళు కెమెరా కదిలిందంటారు. తెలిసినవాళ్ళు ఆ మసకనే ఎక్కువసేపు చూస్తారు. ఫోటో వెనక కథ చెప్పడం నాకు ముఖ్యమనిపించేది ఇలాంటి చోటే.

చీమలు, పేనుబంక ఫోటో దగ్గర ట్యూబుల హద్దు తెలిసింది. పేనుబంక మొక్క రసం పీల్చి తియ్యటి ద్రవం వదులుతుంది. చీమ మీసాలతో దాన్ని తడుతూ ఆ బొట్టు కోసం ఎదురుచూస్తుంది, బదులుగా అక్షింతల పురుగుల్లాంటి శత్రువుల్ని తరుముతుంది. ఆ బొట్టు బయటికి వచ్చే క్షణం కావాలని కూర్చున్నాను. దొరికింది కూడా. కానీ రెండు మిల్లీమీటర్ల పేనుబంక, 17 మిల్లీమీటర్ల ఫ్రేమ్‌లో ఎనిమిదో వంతే. క్రాప్ చేస్తే బొట్టు ఉందని తెలుస్తుంది, అందులో మెరుపు తెలియదు. ఈ సైజు జీవుల కోసం ఇంకా ఎక్కువ మాగ్నిఫికేషన్ కావాలి. అక్కడ మాక్రో లెన్స్ (దగ్గరి ఫోటోల కోసమే చేసిన లెన్స్) ముందుండి, ట్యూబులు దానికి తోడుండాలి.

ఇన్నేళ్ళలో ఏం అరిగిందంటే, ముందు చెప్పాల్సింది కాంటాక్టులు. ట్యూబు లోపల గాజు లేకపోయినా కెమెరాకీ లెన్స్‌కీ మధ్య సమాచారం మోసే పిన్నులుంటాయి. అవి మురికి పట్టాక అప్పుడప్పుడూ స్క్రీన్ మీద అపర్చర్ విలువ మాయమవుతుంది. పొడి మెత్తటి బట్టతో తుడిస్తే తిరిగొస్తుంది. తర్వాత లాక్. మూడు ట్యూబులంటే అదనంగా మూడు జాయింట్లు, ప్రతిదాంట్లో కొంచెం వదులు. కొత్తలో లేని ఊగు ఇప్పుడు చేతికి తెలుస్తోంది. బరువైన టెలీ లెన్స్‌కి రెండో చెయ్యి ఎప్పుడూ లెన్స్ కిందే ఉండాలి, ట్రైపాడ్ కాలర్ (లెన్స్ చుట్టూ ఉండే పట్టీ) ఉంటే దాన్నే స్టాండుకి బిగించాలి, కెమెరా బాడీని కాదు. మూడోది దుమ్ము. ట్యూబు మార్చిన ప్రతిసారీ లెన్స్ విప్పాలి, సెన్సర్ బయటపడుతుంది. ఎఫ్/11 దగ్గర ఆ దుమ్మంతా చుక్కలుగా కనిపిస్తుంది. అందుకే ఇంటి దగ్గరే ఒక జత నిర్ణయించుకుని బయల్దేరతాను, బయట మార్చడం సాధ్యమైనంత తక్కువ.

కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే ముఖ్యం, కాంటాక్టులు ఉన్నాయా లేదా. అవి లేని చవక ట్యూబులతో, అపర్చర్ రింగు లేని ఇప్పటి లెన్స్‌లు చాలావరకు పూర్తిగా తెరుచుకునే ఉండిపోతాయి. ఎఫ్/1.8 దగ్గర అంత దగ్గరి ఫోటోలో పదును వెంట్రుక మందం మాత్రమే. పాత మాన్యువల్ లెన్స్, రింగుతో సహా ఉంటే మాత్రం చవకవి కూడా చక్కగా పనిచేస్తాయి. లెన్స్ ముందు బిగించే క్లోజప్ ఫిల్టర్లు కూడా వాడి చూశాను. బిగించడం తేలికే గానీ, ఒంటి గాజు రకంలో అంచుల దగ్గర రంగులు చిమ్ముతాయి. ట్యూబుల్లో అదనపు గాజు లేదు కాబట్టి ఆ బాధ లేదు, లెన్స్ ఎంత మంచిదైతే ఫోటో అంత మంచిది.

సీతాకోకచిలుకల వెంట పరిగెత్తుతూ, మధ్యమధ్యలో దూరపు పక్షుల్ని కూడా తీయాలనుకునేవాళ్ళకి ఇవి చిరాకు తెప్పిస్తాయి. వాళ్ళు నేరుగా మాక్రో లెన్స్‌కి వెళ్ళడం నయం. దగ్గర 50 ఎంఎం ఉండి, ఒక్క మొక్క ముందు గంటసేపు కూర్చోగలిగినవాళ్ళు నిశ్చింతగా కొనొచ్చు. నేను ఇప్పుడు 100 ఎంఎం మాక్రో లెన్స్ కోసం చూస్తున్నాను. అది వచ్చాక 68 మొత్తం దానికి పెట్టి మళ్ళీ ఆ పేనుబంక దగ్గర కూర్చోవాలి. 36 మాత్రం టెలీ లెన్స్‌తోనూ పని చేస్తూనే ఉంటుంది.