1990 మియాటాలో 1.8 ఇంజను: కొన్నేళ్లు నడిపాక నా మాట

ముందే చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో ఉంటూ తొలితరం మాజ్దా మియాటాకు (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) ఇంజను మార్చాలనుకునేవాళ్లకు 1994, 95 మోడళ్ల 1.8 లీటర్ల ఇంజనే నా సలహా. దానికన్నా బలమైనవి బోలెడున్నాయి. కానీ పెట్టిన ఖర్చుకు ఫలితం కనిపిస్తూ, చట్టం దగ్గర తలదించుకోనక్కర లేకుండా, కారు స్వభావం చెడకుండా కుదిరింది నాకు ఇదొక్కటే.

నా 1990 కారులోని పాత 1.6 లీటర్ల ఇంజను ఆయిలు తాగడం మొదలుపెట్టి చాలా కాలమైంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే వెనకాల నీలం పొగ. "రీబోరు చేయించి కొత్త రింగులు వేయిస్తే సరిపోతుంది కదరా" అన్నారు నాన్నగారు, విజయవాడ నుంచి ఫోనులో. రీబోరు అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిచి సరిచేయడం. ఆయన లెక్క ఆయనకు సరైనదే. అక్కడ ఆ పని మొత్తం అయ్యే డబ్బుకు ఇక్కడ ఇంజను కిందికి దించడానికి కూడా ఎవరూ ఒప్పుకోరు. పైగా 1990 నుంచి 91లో కొంతకాలం వరకు వచ్చిన ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) ముందు కొస, అంటే ముక్కు, పొట్టిది. పుల్లీ బోల్టు వదులైతే లోపల జారకుండా పట్టి ఉంచే చిన్న కడ్డీ (కీ), దాని గాడి అరిగిపోయి టైమింగ్ (వాల్వులు, పిస్టన్ల కదలికల పొంతన) తప్పే ప్రమాదం ఉంది. బానెట్ ఎత్తి, టార్చి వేసి క్రాంక్ పుల్లీని చూస్తే తెలిసిపోతుంది: నాలుగు గాట్లుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. నా దానికి నాలుగే. అలాంటి క్రాంకును నమ్ముకుని రీబోరు ఖర్చు పెట్టడానికి మనసొప్పలేదు.

1992, 93 మోడళ్ల 1.6 తెచ్చుకుంటే అన్నీ ఉన్నవి ఉన్నట్టే బిగించుకోవచ్చు. పొదుపు కావాలంటే అదే దారి. అయితే అంత పనీ చేసి మళ్లీ అదే 116 హార్స్‌పవరా అనిపించింది. మరో వైపు హోండా కె24 (2.4 లీటర్ల ఇంజను) ఉంది, అమెరికన్ వీ8లు (ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్లు) ఉన్నాయి. వీ8 వేసిన మియాటాలో ఒకసారి పక్క సీట్లో కూర్చున్నాను. వేగానికి వంక పెట్టలేం. కానీ టన్ను బరువు కూడా లేని కారును ఇంజను ఈడ్చుకుపోతున్నట్టుంది తప్ప, మనం నడుపుతున్నట్టు ఉండదు. 2001 నుంచి వచ్చిన 142 హార్స్‌పవర్ 1.8 మీద మాత్రం నిజంగానే ఆశ పడ్డాను. దాని వాల్వ్ టైమింగ్ మార్చే ఏర్పాటు నా కారు కంప్యూటరుకు తెలియదు. బయటి కంప్యూటర్ పెడదామంటే ఇక్కడ దానికి ప్రభుత్వ అనుమతి సంఖ్య ఉండాలి.

ఇంజను మార్పు గురించి కాలిఫోర్నియా నిబంధన సూటిగానే ఉంటుంది. కొత్తగా వేసే ఇంజను కారు తయారైన ఏడాదిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలి. దానితో వచ్చిన కాలుష్య నియంత్రణ సామగ్రి అంతా దానితోపాటే రావాలి. రెఫరీ అనే అధికారి చూసి, ఒప్పుకుని, చీటీ అంటించాలి. ఆ తర్వాత రెండేళ్లకోసారి జరిగే స్మాగ్ తనిఖీలో (పొగ కాలుష్య పరీక్షలో) ఆ చీటీయే మనకు సాక్షి. పాత కంప్యూటరూ, ఇంజనులోకి వెళ్లే గాలిని కొలిచే, రెక్క తలుపు లాంటి పాత గాలి మీటరూ అలాగే ఉంచి 1.8ని నడిపేవాళ్లు ఉన్నారు. ఇంజను నడుస్తుంది, రెఫరీ దగ్గర మాత్రం నడవదు. అందుకే 1994 కారు నుంచి ఇంజనుతోపాటు వైరింగు, వేడి తీగ గాలి మీటరు, కంప్యూటరు, ఎగ్జాస్ట్ అన్నీ ఒకేసారి కొన్నాను. విడివిడిగా ఏరుకుంటే చవకగా వచ్చేదేమో, కానీ ఆ వెతుకులాట నా వల్ల కాదు.

ఇంజను నేల మీద ఉండగానే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ముందు వెనక సీళ్లు ఎలాగూ మారుస్తారు. చాలామంది మరిచిపోయేది హెడ్డు (ఇంజను పైభాగం) వెనకాల, వాల్వులను నడిపే ఇరుసు స్థానాన్ని చెప్పే క్యామ్ సెన్సర్‌కు ఉండే రబ్బరు రింగు. వేలి ఉంగరమంత ఉంటుంది, ధర నామమాత్రం. ఎండి గట్టిపడితే అక్కడి నుంచి ఆయిలు గేర్‌బాక్సు మీదుగా కారి, వెనక సీలు పోయిందేమోనని భయపెడుతుంది. పాతది తీసినప్పుడు గోటితో నొక్కితే పటుక్కున విరిగింది. దాని పక్కనే ఉన్న హీటరు గొట్టాలూ అప్పుడే మార్చండి. ఇంజను ఎక్కించాక అక్కడికి చెయ్యి దూరదు.

ఇక నడక. కాగితం మీద 128 హార్స్‌పవర్, అంటే పన్నెండు ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. తేడా ఉన్నది టార్కులో, అంటే తిప్పే బలంలో: 100 పౌండ్-అడుగుల నుంచి 110కి పెరిగింది, అదీ ఇంజను నిమిషానికి 5,500 చుట్లు తిరిగే దగ్గర కాకుండా 5,000 దగ్గరే అందుతుంది. శాన్ హోసే నుంచి మౌంట్ హామిల్టన్ ఎక్కే రోడ్డును 1876లో గుర్రపు బండ్ల కోసం వేశారు. వాలు తక్కువ, మలుపులు లెక్కలేనన్ని. 1.6తో ప్రతి మలుపులోనూ రెండో గేరుకు దిగాల్సి వచ్చేది. ఇప్పుడు చాలా మలుపులు మూడో గేరులోనే సాఫీగా తిరుగుతాయి. ఇద్దరం కూర్చుని ఏసీ వేసుకున్నా పికప్ చావదు. పోగొట్టుకున్నదీ ఉంది. 1.6 ఇంజను 6,000 దాటాక ఉత్సాహంగా పైకి దూసుకుపోయేది. 1.8 అంత దూరం వెళ్తుంది గానీ ఇష్టంగా వెళ్లదు. పైదాకా తిప్పి నడపడంలోనే ఆనందం ఉందనుకునేవారు పొడుగు ముక్కు 1.6తోనే సుఖపడతారు.

చిరాకులు రెండే. ఒకటి, చలి ఉదయాల్లో హైడ్రాలిక్ లిఫ్టర్ల (ఆయిలు ఒత్తిడితో వాల్వుల సందును సర్దే భాగాల) టిక్ టిక్. వేడెక్కాక తగ్గుతుంది. ఆయిలు త్వరగా మారిస్తే ఇంకా తగ్గుతుంది, పూర్తిగా పోదు. 1999 నుంచి వచ్చిన ఇంజన్లలో ఆ లిఫ్టర్లు లేవు. రెండోది హైవే మోత. దానికి కారణం వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్. 1.6 కాలం నాటి 4.30 గేరు నిష్పత్తి డిఫరెన్షియల్‌తో గంటకు 70 మైళ్ల వేగంలో ఐదో గేరులో కూడా ఇంజను దాదాపు 3,700 దగ్గర తిరుగుతుంది. పైగా ఆ చిన్న డిఫరెన్షియల్ బలం అంతంతమాత్రమే. నేను కొన్నాళ్లు దానితోనే నెట్టుకొచ్చి తర్వాత 1994 కారుది, 4.10ది వేశాను. దానికి దాని సొంత డ్రైవ్ షాఫ్టు, యాక్సిళ్లు కావాలి. కాబట్టి ఇంజను కొనేటప్పుడే అది వచ్చిన తుక్కు కారు వెనక భాగం ఇంకా ఉందో లేదో అడగండి. ఉంటే పెద్ద బ్రేకులు కూడా బేరంలో కలిపించుకోండి.