రేడియో కమ్రీ: ఏళ్ల తరబడి విన్నాక

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు భాష వెల్ష్‌లో బీబీసీ వారు నడిపే స్టేషన్ రేడియో కమ్రీని పొద్దున పెట్టి రాత్రి దాకా వదిలేస్తే విసుగొస్తుంది. గడియారం చూసుకుని వింటే మాత్రం వదలబుద్ధి కాదు. 2021 జనగణనలో వెల్ష్ వచ్చన్నవాళ్లు సుమారు 5,38,000 మంది, అంటే వేల్స్ జనంలో 17.8 శాతం. వాళ్లలో గొర్రెల రైతుకీ, కాలేజీ పిల్లలకీ, చాపెల్‌కి (చిన్న చర్చికి) వెళ్లే బామ్మకీ ఇన్నాళ్లూ ఇదొక్కటే దిక్కు. అందుకే వార్తలు, పాప్ పాటలు, వ్యవసాయం, ఆదివారం కీర్తనలు అన్నీ ఒకే గంపలో.

ఆ ఒక్కటి రావడానికే యాభై ఏళ్లు దాటాయి. 1923 ఫిబ్రవరి 13న వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో బీబీసీ కేంద్రం మొదలైన రాత్రే గాయకుడు మోస్టిన్ థామస్ వెల్ష్ పాట పాడాడు. తర్వాత వేల్స్‌నీ పశ్చిమ ఇంగ్లండ్‌నీ ఒకే ప్రాంతంగా కట్టేసి, 1933లో సముద్రపాయకు అవతల సోమర్సెట్‌లోని వాష్‌ఫర్డ్‌లో ట్రాన్స్‌మిటర్ పెట్టారు. వెల్ష్ వేస్తే అక్కడివాళ్లకి కోపం, వేయకపోతే ఇక్కడివాళ్లకి. 1937లో విడదీశాక కూడా ఇంగ్లీషుతో వంతులు తప్పలేదు. సొంత స్టేషన్ 1977 జనవరి 3న మొదలైంది, అదీ వీహెచ్‌ఎఫ్ (ఇప్పుడు ఎఫ్‌ఎం అంటున్నది) మీదే. పాత మీడియం వేవ్ సెట్టు ఉన్నవాళ్లకి కొత్త స్టేషన్ అందలేదు.

ఇప్పటికీ ఎఫ్‌ఎంలో వింటే కొండలే అడ్డు. కార్డిఫ్ దగ్గరి వెన్వో ప్రసార టవర్ నుంచి 96.8 మెగాహెర్ట్జ్‌లో వచ్చేది లోయ మలుపు తిరగ్గానే బుసకొడుతుంది, మరో చోట మరో నంబరు. కారు సెట్టులో ఏఎఫ్ (ప్రత్యామ్నాయ ఫ్రీక్వెన్సీ) ఆన్ చేసి ఉంచితే, అదే స్టేషన్ బాగా వినిపించే ఫ్రీక్వెన్సీకి సెట్టే మారిపోతుంది. డీఏబీలో, అంటే డిజిటల్ రేడియోలో, బుస ఉండదు కానీ, సిగ్నల్ తగ్గితే బుడబుడమని, ఆపైన నిశ్శబ్దం.

భాష నేర్చుకునేవాళ్లు 'పిగ్యొన్' పాడ్‌కాస్ట్‌తో మొదలుపెట్టడం మేలు. వారంలో వచ్చిన కార్యక్రమాల ముక్కలు, వాటితో పాటు కష్టమైన మాటల పట్టిక ఇస్తారు. నేరుగా పొద్దుటి వార్తల్లోకి దూకితే ఊరి పేర్లే చిక్కవు. కార్డిఫ్ వెల్ష్‌లో 'కైర్దీద్'. 'కార్డిఫ్‌కి' అన్నప్పుడు అది 'గైర్దీద్', 'కార్డిఫ్‌లో' అన్నప్పుడు ముందు ఙ తగులుకుంటుంది. మన గసడదవాదేశంలో క గ అయినట్టే, కాకపోతే ఇక్కడ రోజువారీ మాటలోనే. ఇక 'ఇప్పుడు' అనడానికి దక్షిణాది యాంకర్ 'నౌర్' అంటే, ఉత్తరాది యాంకర్ దాన్నే తిరగేసినట్టు 'రూఅన్' అంటాడు. రెండూ వినాల్సిందే.

ఒక్క కార్యక్రమమే వినే తీరిక ఉంటే 'టలూర్న్ అ బైర్ద్' వినండి. 1979 నుంచి నడుస్తున్న కవుల పోటీ. జట్లు పద్యాలు చదువుతాయి, 'మైరిన్' అని పిలిచే న్యాయనిర్ణేత పదికి మార్కులు వేస్తాడు. ఒక పాదం అక్కడికక్కడే ఇచ్చి రెండోది పూరించమంటారు కూడా. ఆకాశవాణి సమస్యాపూరణం విన్న చెవికి ఇది కొత్త కాదు. కంగ్‌హానెద్ అనే వెల్ష్ పద్య నియమంలో ఒక రకం చూడండి: పాదం మొదటి సగంలోని హల్లులు అదే వరసలో రెండో సగంలో రావాలి, అచ్చులు మారవచ్చు. మన ప్రాసలో రెండో అక్షరం ఒక్కటి కుదిరితే సరి, వీళ్లకి పాదమంతా కుదరాలి. అర్థం కాకపోయినా చెవికి పట్టుబడుతుంది.

పాటల విభాగం మాత్రం అంత నిలకడ కాదు. 2013 జనవరిలో రాయల్టీ తగాదాతో వెల్ష్ సంగీతకారుల హక్కులు చూసే ఇయోస్ సంఘం తన సభ్యుల పాటలు వెనక్కి తీసుకుంది. 30,000కు పైగా పాటలు పోయాయి. బృందగానాలు, శాస్త్రీయ సంగీతం, ఇంగ్లీషు పాటలతో నెట్టుకొచ్చి, ప్రసారాన్ని రోజుకి రెండు గంటలు కుదించారు. ఫిబ్రవరిలో తాత్కాలికంగా రాజీ కుదిరింది. చిన్న భాషలో ప్రత్యామ్నాయ నిల్వ ఉండదు మరి.

మన దేశం నుంచి ఆన్‌లైన్‌లో వినేవాళ్లకి ఒక మాట: అక్కడ అర్ధరాత్రి దాటాక వెల్ష్ ఆగి ఇంగ్లీషు స్టేషన్ ఫైవ్ లైవ్ వస్తుంది. చలికాలంలో మనకి ఉదయం 5.30 అంటే వాళ్లకి అర్ధరాత్రి. కాఫీ వేళ పెడితే ఇంగ్లీషే వినిపిస్తుంది, మధ్యాహ్నం పెట్టుకోండి.

గంప తేలికపడేందుకు 2018 జనవరిలో రేడియో కమ్రీ 2 వచ్చింది. మొదట ఉదయం మాత్రమే, ఎక్కువగా పాటలు. 2023లో గంటలు బాగా పెంచారు. అయితే అది డీఏబీలోనూ ఆన్‌లైన్‌లోనూ తప్ప ఎఫ్‌ఎంలో లేదు. ట్రాక్టర్‌లో పాత సెట్టు ఉన్న రైతుకి ఇంకా ఒక్కటే స్టేషన్.