కోరమంగళలో నాటా తినాలంటే పొయ్యి పక్కనే తినాలి

బెంగళూరులో ఎగ్ టార్ట్ అని అమ్మేవి చాలా తిన్నాను. మందపాటి గిన్నె, అందులో చల్లారిపోయిన కస్టర్డ్. అందుకే కోరమంగళలో మా ఇంటి దగ్గర పోర్చుగీసు స్వీట్ల బేకరీ పెట్టారని మా ఆయన చెప్తే పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రం నాలుగైతే చాలు, కాళ్లు అటే లాగుతున్నాయి.

అక్కడ తినాల్సింది పాస్టెల్ ద నాటా, అంటే పోర్చుగీసు ఎగ్ టార్ట్. అద్దం వెనకాలే చేస్తారు కాబట్టి నిలబడి చూడొచ్చు. వెన్న పెట్టి మడతలేసిన మైదాను గట్టిగా చుట్టి, అడ్డంగా ముక్కలు కోస్తారు, అచ్చం మడత కాజాకి కోసినట్టే. చుట్టలు పైకి కనపడేలా ముక్కను అచ్చులో పెట్టి, తడి బొటనవేలితో మధ్యలోంచి అంచుదాకా పల్చగా నొక్కుకుంటూ వస్తారు. దాల్చినచెక్క, నిమ్మతొక్క వేసి కాచిన పాలలో పంచదార పాకం, పచ్చసొన కలిపి ఆ అచ్చులో పోస్తారు. ఓవెన్ వేడి 250 డిగ్రీలు దాటాలి. ఆ వేడికే పైన నల్లమచ్చలు పడతాయి. మాడిందని వెనక్కిచ్చేవాళ్లని చూశాను. దయచేసి ఇవ్వకండి, రుచంతా అక్కడే ఉంది. కొరకగానే పొరలు ఫెళ్లున విరుగుతాయి, లోపల సొన ఇంకా వణుకుతూ ఉంటుంది.

పోర్చుగల్ మఠాల్లో బట్టలు బిరుసెక్కించడానికి, వైన్ తేర్చడానికి తెల్లసొన వాడేవారని, మిగిలిపోయిన పచ్చసొనతో ఈ స్వీట్లు పుట్టాయని చెప్తారు. నాటా పుట్టింది లిస్బన్‌లోని బెలెం పేటలో ఉన్న జెరోనిమోస్ మఠంలో అంటారు. 1834లో మఠాలు మూసేశారు. 1837లో ఆ పక్కనే మొదలైన దుకాణం ఇప్పటికీ అమ్ముతోంది.

ఇక్కడ ఎగ్‌లెస్ నాటా కూడా పెట్టారు. కొనకండి, సొన తీసేస్తే మిగిలేది కస్టర్డ్ పౌడరే. గుడ్డు ముట్టని మా అత్తయ్యకి సెర్రదూర ఇప్పించాను. గిలక్కొట్టిన క్రీమ్‌లో కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, మధ్యమధ్యలో మారీ బిస్కెట్ పొడి పరుస్తారు. జంతువుల ఎముకల నుంచి తీసే జెలటిన్ వేస్తారా అని కూడా అడిగాను, లేదన్నారు. ఆవిడకి బాగా నచ్చింది. "తీపి ఓ పిసరు తగ్గిస్తే బాగుండేదే అమ్మాయ్" అన్నారు. నిజమే.

పావ్ ద లో అనే స్పాంజ్ కేకు మాత్రం నిరాశపరిచింది. పోర్చుగల్‌లోని ఒవార్ ఊరి పద్ధతి అని బోర్డు మీద రాశారు. ఆ పద్ధతిలో కేకు నడుమ తడిగా, చెంచాకి అంటుకునేలా ఉండాలి. వీళ్లది లోపలిదాకా ఎండిపోయింది. 380 రూపాయలు పెట్టినవాళ్లకి ఇది అన్యాయం, ఓవెన్‌లోంచి ఇంకాస్త ముందే తీయాలి.

నాటా ఒక్కోటి 130. యాప్‌లో మాత్రం తెప్పించుకోకండి, అట్టపెట్టెలో ఆవిరి పట్టి పొరలన్నీ మెత్తబడిపోతాయి. ఇంటికి తీసుకెళ్లక తప్పదంటే పెట్టె మూత తెరిచే తీసుకెళ్లి, ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు పెట్టండి. మైక్రోవేవ్ జోలికి వెళ్లొద్దు. కూర్చోడానికి రెండే బల్లలున్నాయి, బండి పెట్టుకోడానికి చోటు లేదు.