నెబ్బియోలో కొండల్లో ఐదు రోజులు: బరోలో, బార్బరెస్కో, ఆల్బా

ఇటలీ వాయవ్య దిక్కున ఉన్న పీమాంట్‌కు మేము అక్టోబరులో వెళ్ళాము. నెబ్బియోలో ద్రాక్ష కోతకు వచ్చేదీ, ఆల్బా పట్టణంలో తెల్ల ట్రఫుల్ (నేల కింద పెరిగే, పుట్టగొడుగు జాతి ఖరీదైన దుంప లాంటిది) సంత జరిగేదీ అప్పుడే కనుక గదులు చాలా ముందుగానే నిండిపోతాయి. మొదటి రెండు రాత్రులు లా మొర్రా గ్రామం దిగువన ఒక రైతు ఇంట్లో బస చేశాము. కిటికీ తెరిస్తే వరుసలు తీరిన ద్రాక్షతోటలే కనిపించేవి. కానీ ఏర్పాటు చేస్తామన్న కారు రాలేదు, ఆదివారం బస్సూ దొరకలేదు. సొంతంగా కారు నడపని వారికి రైలు సౌకర్యం ఉన్న ఆల్బాయే సరైన బస అని నా అభిప్రాయం. మిగిలిన మూడు రాత్రులు మేము అక్కడే ఉన్నాము.

బరోలో అనేది ఒక ఊరి పేరు, అక్కడి ఎర్ర వైన్ పేరూ అదే. ఆ ఊరి కోటలోని ప్రాంతీయ వైన్‌శాలలో, ఆ పేరు పెట్టుకునే హక్కున్న 11 గ్రామాల వైన్‌లను ఒకేచోట రుచి చూడవచ్చు. ఇటలీ 1963లో తెచ్చిన చట్టంతో డి.ఓ.సి. అనే మూలస్థాన గుర్తింపు మొదలైంది. దానికి పైమెట్టు అయిన డి.ఓ.సి.జి.ని బరోలో 1980లో పొందింది. పూర్తిగా నెబ్బియోలోతోనే చేయాలి, కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగనివ్వాలి. ప్రయోగశాల పరీక్షతో పాటు రుచి చూసే సంఘం ఆమోదం కూడా పొందాలి. ఇవన్నీ దాటిన సీసాలకే మెడమీద వరుస సంఖ్య గల ప్రభుత్వ ముద్ర పట్టీ ఉంటుంది. లేత బరోలోలో నేరేడుపండు తిన్నప్పుడు నాలుకకు తగిలే వగరు స్పష్టంగా తెలుస్తుంది. అన్నేళ్ళు మాగబెట్టడం ఎందుకో ఆ గుక్కతో అర్థమైంది.

బార్బరెస్కోలో వైన్‌శాల ఒకప్పటి సాన్ దొనాతో చర్చిలో ఉంది. ఆ ఊరి పేరే పెట్టుకున్న వైన్‌కు ద్రాక్ష అదే అయినా, మాగబెట్టే కనీస గడువు 26 నెలలు, అందులో చెక్కలో 9 నెలలే. అక్కడ రద్దీ తక్కువగా ఉండడంతో, వడ్డించినామె ఒక్కొక్క తోట తేడానూ ఓపికగా వివరించింది. మా యాత్రలో అన్నిటికన్నా మంచి సేవ అదే.

అయితే ముద్ర హామీ ఇచ్చేది ఊరికీ, పద్ధతికీ. మన భోజనానికి ఏది నప్పుతుందో అది చెప్పదు. ఆల్బాలో ఒక చిన్న భోజనశాలలో, వెన్నతో కలిపిన తాయరిన్ అనే సన్నని గుడ్డు సేమ్యాతో, డి.ఓ.సి. స్థాయి లాంగే నెబ్బియోలో (లాంగే అనేది ఈ కొండల ప్రాంతం పేరు) వైన్ బరోలో కన్నా హాయిగా సాగింది. ధర చాలా తక్కువ.

భారతదేశానికి సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. నేను ఒక బార్బరెస్కో, ఒక లాంగే నెబ్బియోలో తెచ్చుకున్నాను.