థ్రాటిల్ కంట్రోలర్: బండి దూకుడు తగ్గించడానికి కొన్నాం, ఏడాది దాటింది

యాక్సిలరేటర్ పెడల్ దగ్గర తగిలించే ఈ చిన్న డబ్బాని ఎక్కువమంది కొనేది బండి ఇంకాస్త దూకాలని. అమ్మేవాళ్ల వీడియోలన్నీ అలాగే ఉంటాయి: స్పోర్ట్‌లో పెట్టు, తొక్కు, సీటుకి అతుక్కుపో. మేం కొన్నది దూకుడు తగ్గించడానికి. మా అక్క కోసం.

అక్క గుంటూరులోనే బ్యాంకులో పనిచేస్తుంది. బావగారికి విశాఖ బదిలీ అయ్యాక బండి ఇంట్లో ఊరికే పడి ఉందని నేర్చుకుంటానంది. డ్రైవింగ్ స్కూల్లో ఇచ్చింది పాత డీజిల్ బండి. గట్టిగా తొక్కితే గానీ కదిలేది కాదట. ఆ కాలుతోనే వచ్చి ఇంట్లో ఉన్న టర్బో (ఇంజన్‌లోకి అదనంగా గాలి తోసి బలం పెంచేది) పెట్రోల్ ఆటోమేటిక్ ఎక్కింది.

మా బాధంతా ర్యాంపు దగ్గరే. బ్రాడీపేట ఇళ్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కన కాలవ, కాలవ మీద నిటారు ర్యాంపు, ఎక్కీ ఎక్కగానే గేటు, గేటు దాటితే కింది వాటా వాళ్ల స్కూటీ, దాని వెనక తులసికోట. చదునుగా ఉన్నచోట బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, ఆటోమేటిక్ తనంతట తనే పాకుతుంది. ర్యాంపు మీద ఆ పాకుడు చాలదు, ముందు చక్రాలు అంచుకి ఆని ఆగిపోతాయి. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే ఒక క్షణం ఏమీ జరగదు. ఇంకొంచెం ఇచ్చేసరికి టర్బో అందుకుంటుంది, బండి ఒక్క గెంతున స్కూటీ మీదికి వెళ్తుంది. అక్క రెండు కాళ్లూ బ్రేకు మీద వేసేది. నేను పక్క సీట్లో హ్యాండ్‌బ్రేక్ పట్టుకుని కూర్చునేవాణ్ణి.

పెడల్‌ని మెత్తబరిచే ఈకో మోడ్ బండిలోనే ఉంది కదా అంటారు. ఉంది, వాడాం, మంచిదే. కాకపోతే మా బండిలో ఇంజన్ ఆపితే మళ్లీ నార్మల్‌కి వచ్చేస్తుంది. సీటు, అద్దాలు, బెల్టు, గేరు అన్నీ చూసుకునే హడావుడిలో కొత్త మనిషికి ఈకో బటన్ ఒకటి గుర్తుండదు. డబ్బా నాకు నచ్చింది అక్కడే. ఒకసారి ఏ సెట్టింగ్‌లో పెడితే అందులోనే ఉంటుంది, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇది చేసే పని పెద్ద మాయేమీ కాదు. ఇప్పటి బండ్లలో పెడల్‌కీ ఇంజన్‌కీ మధ్య కేబుల్ ఉండదు. పెడల్లో ఉన్న రెండు సెన్సర్లు కాలు ఎంత కిందికి వెళ్లిందో వోల్టేజీ రూపంలో ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి, విడివిడిగా చెబుతాయి. ఆ మాటని మధ్యలో అందుకుని మార్చి చెప్పడమే డబ్బా పని. మెత్తటి సెట్టింగ్‌లో మనం 20 శాతం తొక్కితే అది పదో, అంతకన్నా తక్కువో అని చెబుతుంది. పూర్తిగా తొక్కితే మాత్రం 100కి 100 వెళ్తుంది. ఇంజన్ బలం పెరగదు, తరగదు. మాకు ₹8 వేల లోపే పడింది.

బిగించడానికి మెకానిక్ అక్కర్లేదు, నడుం వంగితే చాలు. బండి ఆపాక ఈసీయూ పడుకునేదాకా కాసేపు ఆగాలి, తొందరపడి సాకెట్ ఊడదీస్తే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. వెల్లకిలా తల లోపలికి దూర్చి, ఫోన్ టార్చి నోట కరుచుకుని, పెడల్ నెత్తిన ఉన్న సాకెట్ లాక్ వెనక్కి లాగడం ఒక్కటే కష్టం. మిగతాది ఫోన్ చార్జర్ పెట్టగలిగినవాళ్లు ఎవరైనా చేస్తారు.

అన్నిటికన్నా మెత్తటి సెట్టింగ్‌లో పెట్టి అక్కని ర్యాంపు ఎక్కించమన్నా. నిండు బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కినట్టు ఎక్కింది బండి. ముందు చక్రాలు ఎక్కాయి, ఆగింది, వెనక చక్రాలు ఎక్కాయి, స్కూటీకి బారెడు దూరంలో నిలబడింది. అక్క నా వైపు చూసి, "ఒరేయ్, ఇది మన బండేనా?" అంది. ఆ వారమంతా ఆఫీసులో కనబడినవాళ్లందరికీ ఈ డబ్బా గురించే చెప్పా.

తర్వాత్తర్వాత తెలిసిందేంటంటే, ఆ గెంతు ఎక్కడికీ పోలేదు, పెడల్లో ఇంకాస్త కిందికి జరిగింది. మొదటి సగం అంత మెత్తబడితే మిగిలిందంతా రెండో సగంలోనే సర్దుకోవాలి కదా. ర్యాంపు మీద ఆ సగం దాకా వెళ్లం కాబట్టి హాయి. ఇన్నర్ రింగ్ రోడ్డు మీద ట్రాక్టర్ని దాటుదామని తొక్కితే ముందు బద్ధకం, ఆ తర్వాత ఉన్నట్టుండి దౌడు. టర్బో అందుకోవడంలో ఉండే ఆలస్యాన్ని కూడా ఇది పట్టించుకోదు, అది ఇంజన్ సంగతి. రోడ్డు మీదికి వెళ్లేటప్పుడు ఒక మెట్టు పైకి, ఇంటి సందులోకి తిరిగేటప్పుడు కిందికి మార్చుకోవడం అక్కే అలవాటు చేసుకుంది. గుర్తుపెట్టుకోనక్కర్లేదని కొన్న వస్తువు!

ఇక కాజ దగ్గర జరిగింది. పానకాలస్వామిని చూద్దామని మంగళగిరి బయల్దేరాం, అక్కే నడుపుతోంది. ముందురోజు సాయంత్రం బండిని వాటర్ వాష్‌కి ఇచ్చాం. అక్కడి కుర్రాడు మ్యాట్లు తీసేసి లోపల నేల మీద కూడా గన్ పెట్టి కొట్టాడు. నాగార్జున యూనివర్సిటీ దాటాం, టోల్ ప్లాజా ఇంకా రాలేదు. చెక్ ఇంజన్ లైటు వెలిగింది, బండి జావగారిపోయింది. "తొక్కుతుంటే పోవట్లేదురా" అంది అక్క. వెనక లారీ హారన్ మోత. నేను డాష్‌బోర్డు పట్టుకుని ఏదో అరుస్తున్నా. అక్క మాత్రం ఎడమ ఇండికేటర్ వేసి, అద్దం చూసి, ఉన్న ఊపుతోనే రోడ్డు పక్కకి జరిపి ఆపేసింది, నాలుగు లైట్లూ వేసింది. భయం వెయ్యలేదా అంటే, దూకే బండంటే భయం గానీ కదలనంటున్న బండంటే ఏం భయం అంది.

ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా లైటు పోలేదు. తల లోపలికి పెట్టి డబ్బా ఊడదీసి, కంపెనీ సాకెట్‌ని నేరుగా పెడల్‌కి తగిలించా. లైటు అలాగే ఉంది గానీ బండి మామూలుగా పరిగెత్తింది. దర్శనం చేసుకుని, పానకం తాగి, వెనక్కొచ్చి ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర స్కానర్ పెట్టిస్తే పీ2138 కోడ్ చూపించింది. పెడల్ సెన్సర్లు రెండూ చెప్పే లెక్క కలవలేదని అర్థం. అవి పొంతన లేకుండా చెబితే ఈసీయూ పెడల్‌ని నమ్మదు, ఇంజన్‌ని కట్టిపడేస్తుంది. మన మంచికే. తప్పు లెక్క నమ్మి బండి దానంతటది పరిగెత్తడం కన్నా అది నయం. డబ్బా సాకెట్‌ని విదిలిస్తే ఎలక్ట్రీషియన్ అరచేతిలో నీటిబొట్టు పడింది. కంపెనీ సాకెట్‌కి లోపల రబ్బరు సీలు ఉంది, దీనికి లేదు. ఆయన బ్లోయర్‌తో ఆరబెట్టి, కోడ్ చెరిపేసి, వైరు వేలాడకుండా పైకి లాగి కేబుల్ టై వేసి బిగించాడు. ₹500 తీసుకున్నాడు. డబ్బా అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే నీళ్లు తగిలితే వారంటీ వర్తించదన్నారు. కారు నేల మీద నీళ్లు పడవని ఏ ఊళ్లో అనుకుంటారో.

సంక్రాంతికి బావగారు వచ్చారు. డబ్బా చూసి ముచ్చటపడి స్పోర్ట్‌లో పెట్టి పండగ మూడు రోజులూ ఊరంతా తిప్పారు, కనుమ రాత్రి విశాఖ రైలెక్కారు. పొద్దున అక్క ఆఫీసుకని ర్యాంపు మీంచి రివర్సు తీస్తూ పెడల్ మీద కాలు ఆనించిందో లేదో, బండి వెళ్లి ఎదురింటి అరుగు ముందు ఆగింది. ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండటం గొప్ప సుగుణం అని పైన రాశానే, అది ఎవరు పెట్టిన సెట్టింగ్‌కైనా వర్తిస్తుంది.

ఇంతకీ కొనాలా వద్దా? మాది టర్బో, ఆటోమేటిక్, ఇంటి ముందు ర్యాంపు, నేర్చుకునే మనిషి నలభై దాటిన మనిషి, బండి వారంటీ కూడా అయిపోయింది. ఈ లెక్కలో మాకు డబ్బు దండగ అనిపించలేదు. వారంటీ ఉన్న బండి అయితే నేను తగిలించను, పెడల్ వైరింగ్‌లో బయటి సామాను కనబడితే సర్వీసు వాళ్లు రేపు ఏ రిపేరుకైనా దాన్నే చూపించొచ్చు. టర్బో లేని పెట్రోల్ బండికి ఈకో మోడ్, మడమ నేలకి ఆనేలా జరుపుకున్న సీటు, పల్చటి చెప్పులు చాలు. మాన్యువల్ అయితే ర్యాంపు మీద క్లచ్చే ఆ పని చేస్తుంది.

ఇప్పుడు అక్క అసలు సెట్టింగ్‌కి ఒకే ఒక్క మెట్టు కింద నడుపుతోంది. ఇక తీసేద్దామా అని అడిగా. ఉండనిమ్మంది, సెట్టింగ్ మార్చే బటన్లు మాత్రం డాష్‌బోర్డు మీంచి తీసి మీ బావ చెయ్యి పడనిచోట పెట్టమంది. గ్లవ్ బాక్స్‌లో పెట్టా, ఆయన ఇంకా కనిపెట్టలేదు.